ఇంటి తగవులో మూడవ మనిషి

పంచాయతి సభ్యునికి వీధిదీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు మాత్రమే బాధ్యతలు కావు. పగటి పనులు ముగిసి సభ్యుడు అరుగుమీద కూర్చున్న వేళ ఎవరో ఒకరు వచ్చి ప్రక్కన నిలబడుదురు. కొంతసేపు వానలగూర్చియో, ధాన్యపు ధరగూర్చియో మాటలాడి, పిమ్మట గొంతు తగ్గించి, "బాబాయ్, మా ఇంటి సంగతి నీకొక్కడికే చెప్పుకొంటున్నాను" అందురు. మరునాడు అదే ఇంటినుండి మరియొకరు వచ్చి అదే మాటతో మొదలుపెట్టుదురు. కథ మాత్రము తలక్రిందులుగ నుండును.

ఆలుమగల కలహమును విచారించి తీర్పు చెప్పు అధికారమును చట్టము పంచాయతికి ఇయ్యలేదు. ఐనను పెద్దమనిషి యను నమ్మకముతో జనులు వచ్చుదురు. వినకుండ పంపివేయుట మర్యాద కాదు. విని ఏమి చేయవలెను? ఎవరిది తప్పో తేల్చి మందలించుట మనకు అలవాటైన మార్గము. అట్లు మందలించిన పిదప తగవు కొంతకాలమణగి, మరల రెట్టింపు బలముతో లేచుట కూడ మనకు అలవాటైన విషయమే. ఇట్లెందుకు జరుగునో వివరించు ఆలోచనా మార్గమొకటి మానసిక చికిత్సాశాస్త్రములో గత 70 సంవత్సరములుగ పెంపొందినది. దానికి కుటుంబ వ్యవస్థా దృక్పథమని పేరు. చికిత్స చేయుట నిపుణుల పని. కాని ఆ దృక్పథములోని ముఖ్యాంశములు తెలిసికొనుట గ్రామపెద్దలకు మిక్కిలి ఉపయోగకరము.

రోగి ఒక్కడేనా?

20వ శతాబ్ది పూర్వార్ధములో మానసిక చికిత్స యనగా రోగి, వైద్యుడు ఏకాంతముగ మాటలాడుకొనుటయే. రోగి బంధువులను వైద్యులు దూరముగ నుంచెడివారు. కాని వైద్యశాలలో కుదుటపడిన రోగి ఇంటికి పోగానే మరల క్రుంగిపోవుటయు, ఒకరు కోలుకొనుచుండగా అదే ఇంట వేరొకరు కలతపడుటయు కొందరు వైద్యులు గమనించిరి. ఇంటిని విడిచి మనిషిని మాత్రము చూచుట చాలదని వారికి తోచెను.

అట్టివారిలో ముఖ్యుడు అమెరికా దేశమునకు చెందిన మానసిక వైద్యుడు మర్రే బోవెన్. ఆయన 1913లో టెనెసీ రాష్ట్రములోని వేవర్లీ యను చిన్న పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యములో వైద్యుడుగా పనిచేసి, శస్త్రవైద్యము నభ్యసింపవలెనను తొలి సంకల్పమును మార్చుకొని, 1946లో కాన్సాస్ రాష్ట్రము టొపీకాలోని మెనింజర్ వైద్యశాలలో మానసిక వైద్యమునకు పూనుకొనెను. 1954లో వాషింగ్టన్ నగర సమీపమున బెథెస్డాలోని జాతీయ మానసికారోగ్య సంస్థలో చేరి, అంతకు పూర్వము అరుదైన ఒక ప్రయత్నము చేసెను. తీవ్రమైన మానసిక వ్యాధికి లోనైన యువతులతో పాటు వారి తల్లులను కూడ వైద్యశాలలోనే నివసింపజేసెను. కొలది కాలమునకు తండ్రులను, తోబుట్టువులను కూడ చేర్చుకొనెను. 1959 వరకు సాగిన ఈ పరిశోధనలో కొన్ని కుటుంబములు నెలల తరబడి వైద్యుల కన్నుల యెదుటనే కాపురము చేసినవి.

అచ్చట కనుగొన్న విషయములలో ఒకటి ప్రత్యేకముగ పేర్కొనదగినది. తల్లి, తండ్రి ఒకరిపై నొకరు శ్రద్ధ చూపుకొనుచు దగ్గరగ నున్నపుడు రోగి స్థితి మెరుగుపడెను. వారిలో ఎవరైనను భార్యకంటె లేక భర్తకంటె రోగిపైననే ఎక్కువ మనసు పెట్టినపుడు ఆ స్థితి మరల దిగజారెను. రోగికి ప్రత్యక్షముగ ఏమియు చేయకున్నను, తల్లిదండ్రుల నడుమ మార్పు రోగిలో మార్పుగ కనబడెను. 1959లో బోవెన్ వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయములో చేరి, 1990లో మరణించువరకు అచ్చటనే పనిచేసెను. వ్యాధిగ్రస్తుల ఇండ్లలో తీవ్రముగ కనబడిన ఈ పోకడలే సామాన్యుల ఇండ్లలో కొంచెము తక్కువ మోతాదులో నుండునని ఆయన గ్రహించెను. ఆ కాలముననే వర్జీనియా సటీర్, సాల్వడార్ మినూచిన్ మున్నగువారు కూడ తమ తమ పద్ధతులలో కుటుంబ చికిత్సకు పునాదులు వేసిరి.

చెరువుకట్ట చెప్పు పాఠము

వ్యవస్థ యనగా ఒకదానిపై నొకటి ఆధారపడిన భాగముల కూడిక. ఏ భాగము కదలినను తక్కినవి కదలును. ఇది పల్లెవాసులకు క్రొత్త విషయము కాదు. చెరువు నిండినపుడు నీటి ఒత్తిడి కట్ట పొడవునను ఉండును. గండి మాత్రము కట్ట బలహీనముగ నున్నచోటనే పడును. గండి పడినచోట మట్టి పోసి, కలుజు మూసుకొనిపోయిన సంగతి చూడనిచో, వచ్చే వానకు మరియొకచోట గండి పడును.

కుటుంబములో ఆ ఒత్తిడి కలవరము. అప్పు, పంటనష్టము, ఒకరి మరణము, క్రొత్త కోడలి రాక, కుమారుని వలస, ఇట్టివి దానిని పెంచును. పెరిగిన కలవరము సాధారణముగ నాలుగు మార్గములలో బయటపడునని బోవెన్ వివరించెను. ఆలుమగలు కలహించుకొందురు, లేదా ఒకరికొకరు దూరమై మాటలు తగ్గించుకొందురు, లేదా ఇద్దరిలో ఒకరు లొంగి లొంగి చివరకు దేహముననో, మనస్సుననో రోగియగుదురు, లేదా ఇద్దరి ఆందోళనయు ఒక బిడ్డమీద కేంద్రీకృతమై ఆ బిడ్డ దెబ్బతినును. మనకు కనబడునది గండి మాత్రమే. త్రాగుడు మరిగిన భర్తను, ఊరకే కన్నీరు పెట్టుకొను కోడలిని, బడి మానిన పిల్లవానిని చూచి మనము అక్కడనే మట్టి పోయుటకు పరుగెత్తుదుము.

ముక్కోణము

ఈ దృక్పథములో గ్రామపెద్దలు ముఖ్యముగ గుర్తింపదగిన విషయము ముక్కోణము. ఇద్దరి నడుమ ఒత్తిడి భరింపరానిదైనపుడు వారిలో ఒకరు మూడవ మనిషిని లోనికి లాగుకొందురు. దానివలన తాత్కాలికముగ బరువు తగ్గును. అసలు తగవు మాత్రము ఉన్నచోటనే ఉండును.

ఒక ఇంటిని ఊహించుకొందము. భర్త, భార్య, భర్త తల్లి, ఏడవ తరగతి చదువు కుమారుడు. చెల్లెలి పురిటికి భర్త పదివేల రూపాయలిచ్చెను, భార్యతో చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు పొరుగింటివారి వలన తెలిసినది. అడిగినచో గొడవయగునని ఆమె భర్తను అడుగలేదు. పుట్టింటికి ఫోను చేసి అన్నతో చెప్పుకొన్నది. ఆమె మనస్సు తేలికపడినది, అన్న మనస్సు మండినది. అతడు బావను ఫోనులో నిలదీసెను. భర్త భార్యతో మాటలు మానివేసి, భోజనమువేళ తల్లితో మాత్రము మాటలాడసాగెను. తల్లి కోడలిని దెప్పుట మొదలుపెట్టెను. ఇది రెండు నెలలు సాగిన పిదప కుమారునికి ఉదయమున బడికి పోవు వేళకు కడుపునొప్పి వచ్చుచుండెను.

నొప్పి వచ్చిన దినమున తల్లిదండ్రులిద్దరు కలిసి పిల్లవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. ఆ దినమున ఇంట కలహము లేదు. దేహములో దోషమేమియు కనబడలేదని వైద్యుడు చెప్పెను. ఐనను పిల్లవాడు నటించుట లేదు, నొప్పి నిజమైనదే. ఇద్దరి నడుమ పదివేల రూపాయల మాట ఒక్కటి నేరుగ నడువకపోవుటచే అన్న, తల్లి, కుమారుడు, ముగ్గురు ముగ్గురే ఈ తగవు బరువు మోయుచున్నారు. ఇప్పుడు వారిలో ఒకరు పంచాయతి సభ్యుని అరుగువద్దకు వచ్చుచున్నారు. నాలుగవ ముక్కోణమునకు చోటు సిద్ధమైనది.

సభ్యుడు భార్య పక్షము వహించినచో భర్త, తల్లి మరింత ఒకటగుదురు. భర్త పక్షము వహించినచో భార్య మరల పుట్టింటి బలము వెదకుకొనును. తీర్పు న్యాయమైనదే కావచ్చును. కాని తీర్పు చెప్పినంతనే సభ్యుడు కూడ తగవులో ఒక భాగమగుచున్నాడు. మందలించిన తగవులు మరల లేచుటకు ముఖ్య కారణములలో ఇది యొకటి.

కలిసి యుండియు తానుగ నుండుట

ముక్కోణమున చిక్కుకొనకుండుటకు మనిషికి కావలసిన గుణమును బోవెన్ తన సిద్ధాంతమునకు మూలస్తంభముగ నిలిపెను. దానిని మన భాషలో స్వవ్యక్తిత్వమని చెప్పుకొనవచ్చును. చుట్టునున్నవారు ఆవేశపడుచున్నపుడు తాను ఆలోచింపగలుగుట, అయినవారి అభిప్రాయము వేరైనను వారితో బంధము తెంచుకొనకుండ తన మాట తాను నెమ్మదిగ చెప్పగలుగుట దాని లక్షణములు.

ఇది వేరు కాపురము పెట్టుమను బోధ కాదు. ఒకే కప్పు క్రింద ముప్పది ఏండ్లుండియు స్వవ్యక్తిత్వము గల కోడలుండవచ్చును. వేయి మైళ్ల దూరముననున్నను తండ్రి పేరు వినగానే ఒడలు వణకు కుమారుడుండవచ్చును. కోపముతో ఊరు విడిచి, ఉత్తరము గాని ఫోను గాని లేకుండ తెగతెంపులు చేసికొనినవాడు స్వతంత్రుడైనట్లు కనబడును. కాని తండ్రితో తీరని తగవు భార్యతోనో, బిడ్డలతోనో మరల తలయెత్తుట కద్దు. దూరము తగవును దాచును, తీర్చదు. ఇట్టి పోకడలు తరమునుండి తరమునకు సంక్రమించునని కూడ ఈ సిద్ధాంతము చెప్పుచున్నది.

చికిత్స జరుగు తీరు

ఈ పద్ధతి ననుసరించు చికిత్సకుడు మొదట కనీసము మూడు తరముల కుటుంబ పటము గీయును. పురుషునికి చతురస్రము, స్త్రీకి వృత్తము గుర్తులు. వివాహములు, జననములు, మరణములు, వలసలు, వ్యాధులు, ఎవరితో ఎవరు సన్నిహితులో, ఎవరితో ఎవరికి మాటలు లేవో అందులో చూపబడును. తగవుకు వంకరటింకర గీత, అతి సాన్నిహిత్యమునకు మూడు గీతలు వేయుదురు. కాగితముమీద చూచినపుడు, తన కలహము తనతో మొదలు కాలేదని మనిషికి తెలియవచ్చును. తాత మరణించిన ఏడాదియే తండ్రి త్రాగుడు మొదలైనదని గ్రహించిన కుమారునికి తండ్రిపై కోపము పోకపోవచ్చును; కాని ఆ కోపమునకు క్రొత్త ప్రశ్న లొకటి రెండు తోడగును.

దంపతులకు చికిత్స చేయునపుడు బోవెన్ వారిని ఒకరితో నొకరు వాదించుకొననిచ్చెడివాడు కాడు. ఒకరు తనతో మాటలాడుచుండగా రెండవవారు ఊరక వినవలెను. పిమ్మట వినినవారిని, "ఇది వినినపుడు మీకు కలిగిన ఆలోచన యేమి?" యని అడుగును. ఎట్లనిపించినది యని గాక, ఏమి ఆలోచించితిరని అడుగుటలో మెలకువ యున్నది. ఆవేశము చల్లబడి, ఎదుటివాని మాట మొదటిసారి పూర్తిగ చెవిని బడును. పిల్లవానిగూర్చి వచ్చిన తల్లిదండ్రులతో కూడ ఆయన తరచు పిల్లవానిని విడిచి పెద్దలతోనే పనిచేసెడివాడు. ఈ కాలమంతయు చికిత్సకుడు ఇద్దరితో సమానమైన సంబంధము నిలుపుకొనుచు, ఎవరి పక్షమునను చేరకుండుట అత్యవసరము.

దంపతులలో ఒకరు రానొల్లనపుడు వచ్చిన ఒక్కరితోనే పని సాగును. వ్యవస్థలో ఒక భాగము నిలుకడగ మారినచో తక్కినవి సర్దుకొనక తప్పదను విశ్వాసమే దీనికి ఆధారము. ఇచ్చట చికిత్సకుడు శిక్షకునివంటివాడు. అసలు పని రోగి తన ఇంటికి పోయి చేయవలెను. బోవెన్ తాను కూడ ఈ పని చేసెను. తన సొంత బంధువుల నడుమనున్న ముక్కోణములలో చిక్కుకొనకుండ, అందరితో నేరుగ మాటలాడ ప్రయత్నించిన అనుభవమును 1967లో ఫిలడెల్ఫియాలో జరిగిన నిపుణుల సమావేశమున వివరించెను. ఒకరు మారుట ఆరంభింపగానే తక్కినవారు, "నీవు మారిపోయినావు, మునుపటివలె ఉండుము" అని వెనుకకు లాగుదురని ఆయన హెచ్చరిక. ఆ ఒత్తిడికి కోపగింపక, లొంగక నిలిచినపుడే మార్పు స్థిరపడును.

మన దేశమున కూడ వైద్యములో కుటుంబమునకు చోటు కల్పించిన వారున్నారు. 1950 దశకములో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో డేరాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేసెను. ఆయన మార్గము బోవెన్ సిద్ధాంతమునకు అనుకరణ కాదు. మన దేశ పరిస్థితులనుండి పుట్టినది.

అరుగుమీద కూర్చున్న సభ్యుడు

సభ్యుడు చికిత్సకుడు కాడు, కానవసరము లేదు. ఐనను మూడవ మనిషి స్థానమున కూర్చున్నవాడు గనుక కొన్ని నియమములు పాటింపవచ్చును.

మొదటిది: మాటను దాని అసలు చిరునామాకు పంపుట. పైన చెప్పిన ఇంటి ఇల్లాలు వచ్చి, "బాబాయ్, ఆయన డబ్బు దాచిపెట్టి పంపినాడు" అన్నపుడు, "అమ్మా, నాకు చెప్పినావు. ఈ మాట అబ్బాయితో అన్నావా?" అని అడుగవచ్చును. భర్త వచ్చి, "నీవైనా దానికి బుద్ధి చెప్పు బాబాయ్" అన్నపుడు, "నేను చెప్పితే నా మాటగును. నీకు కావలసినదేమో నీవే చెప్పు, కావలెనంటే నేను ప్రక్కన కూర్చుందును" అనవచ్చును.

రెండవది: ఒకరి మాటను మరియొకరికి మోయకుండుట. "నీతో చెప్పినట్లు తెలియనీయకు" అను షరతును ముందుగ అంగీకరించిన సభ్యుడు అప్పుడే ఒక పక్షమున చేరినవాడు.

మూడవది: "ఎందుకు చేసినావు?" అని నేరస్థుని అడిగినట్లు అడుగక, ఎప్పటినుండి, అంతకు ముందు ఇంట ఏమి జరిగినది, అప్పుడెవరేమి చేసిరి అని వరుసగ అడుగుట. ఇట్టి ప్రశ్నలు కోపమునుండి జ్ఞాపకమునకు, జ్ఞాపకమునుండి ఆలోచనకు మనిషిని నడిపించును.

నాలుగవది: పిల్లవానిని సాక్షిగ నిలుపకుండుట. "నీకు అమ్మ కావలెనా, నాన్న కావలెనా?" అను ప్రశ్నను పదిమందిలో అడుగుట అతని భుజములపై ఇంటి బరువంతయు మోపుటయే.

ఇట్లు చేయువాడు ఎవరిని విడిచిపెట్టినవాడు కాడు. రెండు వైపులను దగ్గరగ నుండి, వారి తగవును వారి చేతులలోనే యుంచినవాడు.

హద్దులు తెలియవలెను

ఈ దృక్పథమునకు హద్దులున్నవి. వానిని మరచినచో మేలుకు బదులు కీడు జరుగును.

కొట్టుట, బెదిరించుట, కట్నమునకై వేధించుట, పిల్లలపై అత్యాచారము, ఇట్టివి ఉన్నచోట ఇద్దరి పాత్రయు సమానమని చెప్పుట అన్యాయము. కుటుంబ చికిత్సకులు ఈ తేడాను తగినంతగ గుర్తింపలేదని 1980 దశకములో స్త్రీ చికిత్సకులే తీవ్రముగ విమర్శించిరి. ఆ విమర్శ శాస్త్రమును సరిదిద్దినది. దెబ్బలు తినిన స్త్రీని భర్త యెదుట కూర్చుండబెట్టి రాజీ కుదుర్చుట ఆమెను మరింత ప్రమాదమునకు గురిచేయును. అట్టిచోట తటస్థత ధర్మము కాదు. రహస్యము కాపాడుదునన్న మాట కూడ రక్షణ తరువాతిదే. స్త్రీలకు గృహహింసనుండి రక్షణ కల్పించు 2005వ సంవత్సరపు చట్టమున్నది. 181 స్త్రీల సహాయమునకు, 1098 బాలల సహాయమునకు, 112 అత్యవసర సహాయమునకు ఏర్పడిన ఫోను నంబరులు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు.

రెండవ హద్దు వ్యాధికి సంబంధించినది. తీవ్రమైన మానసిక వ్యాధులకు తల్లి పెంపకమే కారణమని ఆ తొలి దశకములలో పలువురు భావించిరి. ఆ భావన నిలువలేదు. వంశపారంపర్యము, మెదడు పనితీరు, జీవిత పరిస్థితులు కలిసి ఇట్టి వ్యాధులకు దారితీయునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మందులు అవసరమైనచోట మందులే వాడవలెను. వాటితో పాటు కుటుంబమునకు వ్యాధినిగూర్చి తెలియజెప్పి తోడు నిలిచినచో వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని పరిశోధనలు చూపినవి. కనుక ఏ తల్లిని గాని, ఏ భార్యను గాని, "నీవలననే వాడిట్లయినాడు" అని నిందింపరాదు. ఆత్మహత్య మాట ఎవరి నోటనైనను వినబడినచో దానిని బెదిరింపని త్రోసివేయక వెంటనే వైద్యసహాయము పొందింపవలెను. 2022లో ఆరంభమైన టెలీ మానస్ కేంద్రములకు 14416 నంబరునకు ఉచితముగ ఫోను చేసి ఏ వేళనైనను సలహా పొందవచ్చును.

మూడవది, బోవెన్ సిద్ధాంతములోని అన్ని అంశములు పరిశోధనచే సమానముగ రుజువు కాలేదు. ముక్కోణము వంటివి చూడనేర్చినవారికి ఉపయోగపడు దృష్టి; తూకపురాళ్లు కావు.

ఊహించుకొన్న ఆ ఇంటికి మరల పోవుదము. ఒకనాటి సాయంకాలము భార్య భర్తతో, "డబ్బిచ్చినందుకు కాదు, నాకు చెప్పనందుకు బాధ" అని నేరుగ అన్నదనుకొందము. భర్తకు కోపము రావచ్చును, మాట పెరుగవచ్చును. కాని ఆ మాట ఇప్పుడు వారిద్దరి నడుమనే ఉన్నది. అన్న ఫోను చేయనవసరము లేదు. అత్త సమర్థింపనవసరము లేదు. పిల్లవాడు నొప్పితో వారిని కలుపనవసరము లేదు. ఆ ఒక్క మాట నేరుగ నడుచుటకు చోటు కల్పించినచో, సభ్యుడు తీర్పు చెప్పకపోయినను తన పని చేసినవాడే. కలుజు తెరచుకొన్న చెరువుకు గండి భయము తక్కువ.